గని నుంచి గంజి దాకా – హెర్బర్ట్ హూవర్ గారి జీవితం



ఈ నెల మహనీయుల జీవితం రాసే వంతు నాది. అల్లూరి సీతారామరాజు గారు, కొమరం భీం గారు, సావిత్రీబాయి ఫూలే గారు అందరూ మన గోడ మీదికి వచ్చేశారు. అందుకని నేను ఎవరూ రాయని మనిషిని వెతికాను. ఆయన అమెరికా ఆయన. అమెరికా వాడు మనకెందుకే అని మా బెంచీ వాళ్లు అడిగారు. ఎందుకంటే ఆయన గనుల ఇంజినీరు. మా తండా వైపు, వినుకొండ అవతల బండ్లమోటు దగ్గర సీసం గని ఉండేది, ఇప్పుడు మూతపడింది. దాని సంగతులు పెద్దవాళ్లు చెప్పగా విన్నాను. గనుల్లో డబ్బు సంపాదించిన మనిషి ఆకలితో ఉన్న పిల్లలకు అన్నం పెట్టాడని లైబ్రరీ పుస్తకంలో ఒక్క ముక్క చదివాను. ఇదేందో పూర్తిగా చూద్దామని మిగతాది కంప్యూటరు గదిలో వెతుక్కున్నాను.

హెర్బర్ట్ హూవర్ 1874 ఆగస్టు 10న పుట్టాడు. ఊరు వెస్ట్ బ్రాంచ్, అయోవా అనే రాష్ట్రం, అంతా మొక్కజొన్న చేలు. నాన్న కమ్మరి. ఇల్లు రెండు గదులది, 14 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు. మన డార్మిటరీలో నాలుగు మంచాలు వేస్తే ఆ ఇల్లు నిండిపోతుంది. ఆ పిల్లవాడికి ఆరేళ్లప్పుడు నాన్న చనిపోయాడు. తొమ్మిదేళ్లప్పుడు అమ్మ చనిపోయింది. అన్న, తను, చెల్లెలు ముగ్గురినీ చుట్టాలు తలా ఒకరిని పంచుకుని తీసుకుపోయారు. చిన్నపిల్లవాడు గనక ఇప్పటికి వాడు వీడు అని రాస్తున్నాను, ఉద్యోగం వచ్చాక ఆయన అని రాస్తాను, మేడమ్ గారు కోప్పడవద్దు.

నాన్న పోయాక, అమ్మ ఇంకా ఉండగా, కొన్ని నెలలు వాడు ఒక మామయ్య దగ్గర ఉన్నాడు. ఆ మామయ్య ఓసేజ్ అనే ఆదివాసుల మీద సర్కారు పెట్టిన అధికారి. అక్కడ ఓసేజ్ పిల్లలతో కలిసి తిరిగాడు, విల్లు బాణాలు చేయటం వాళ్ల దగ్గరే నేర్చుకున్నాడు. ఓసేజ్ వాళ్లను వాళ్ల పాత నేల నుంచి అంతకుముందే కదిలించి అక్కడికి పంపారు. ఆ రాళ్ల నేల ఎవరికీ పనికిరాదనుకున్నారు. తరవాత దాని కింద నూనె పడింది. వాళ్లకు డబ్బు వచ్చింది, ఆ డబ్బు కోసమే 1920ల్లో వాళ్లలో చాలామందిని చంపేశారు. ఇది హూవర్ కథ కాదని తెలుసు. కానీ చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

పదకొండో ఏట వాడిని రైలెక్కించి దేశం ఆ చివర ఓరెగాన్ రాష్ట్రానికి, ఇంకో మామయ్య ఇంటికి పంపారు. ఆ మామయ్య డాక్టరు. ఆయన కొడుకు చనిపోయాడు, అందుకని ఈ పిల్లవాడిని తెచ్చుకున్నారు. తిండి పెట్టారు, బడిలో వేశారు, ఇంటి పనులు కూడా చేయించారు. పద్నాలుగేళ్లప్పుడు బడి మానిపించి మామయ్య గారి భూముల కంపెనీ ఆఫీసులో కుర్రాడిగా పెట్టారు. పద్నాలుగు అంటే నా వయసే. పగలు ఆఫీసు పని, రాత్రి బడిలో లెక్కలు. హైస్కూలు మొహం చూడనే లేదు.

1891లో కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ కొత్తగా తెరిచారు. కొడుకు చనిపోయిన ఒక ధనవంతుల జంట వాడి పేరు మీద కట్టించింది, అప్పట్లో చదువుకు ఫీజు లేదు. మనవాడు ప్రవేశ పరీక్ష రాశాడు. లెక్కలు బాగా చేశాడు, మిగతావాటిలో చాలా తప్పాడు. ముందు ట్యూషన్ చదువుకో, తరవాత చూద్దాం అని షరతు పెట్టి చేర్చుకున్నారు. ఇంగ్లీషు మాత్రం చివరి సంవత్సరం దాకా మెడకు చుట్టుకునే ఉంది. ఇది చదివినప్పుడు మా బెంచీ అంతా సంతోషపడ్డాం. ఖర్చుల కోసం పేపర్లు వేశాడు, ఆఫీసులో గుమాస్తా పని చేశాడు, తోటి విద్యార్థుల మురికి బట్టలు పోగేసి లాండ్రీకి పంపే పని పెట్టుకున్నాడు. బ్రానర్ అనే ప్రొఫెసరు గారు భూగర్భశాస్త్రం చెప్పేవారు. రాళ్ల చదువు అక్కడ పట్టుకుంది. 1895లో డిగ్రీ వచ్చింది.

డిగ్రీ వచ్చింది గానీ ఉద్యోగం రాలేదు. నెవడా సిటీ అనే చోట బంగారు గనిలో కూలికి చేరాడు. రాత్రి షిఫ్టు, పది గంటలు, సొరంగంలో ఖనిజం నింపిన బండ్లు తోయటం. ఆ పని కూడా కొన్నాళ్లకు పోయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో లూయీ జానిన్ అనే పేరున్న గనుల ఇంజినీరు దగ్గరకు పోతే, టైపు కొట్టేవాడు కావాలంటే అదే పనికి చేరాడు. రెండేళ్లలో ఆ జానిన్ గారే 1897లో లండన్ కంపెనీ ఒకదానికి ఈ కుర్రాడి పేరు చెప్పారు. కంపెనీ వాళ్లు అనుభవం ఉన్న 35 ఏళ్ల మనిషిని అడిగారట. మనవాడికి 22. పెద్దవాడిలా కనపడాలని మీసం గడ్డం పెంచి పోయాడు. ఇక్కడి నుంచి ఆయన అని రాస్తాను.

ఆయన్ను పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారికి పంపారు. ఎండ, ఈగలు, నీళ్లు లేవు, ఒంటెల మీద ప్రయాణం. ఏ గని కొనాలి, ఏది కొనకూడదు అని చూసి చెప్పటం ఆయన పని. సన్స్ ఆఫ్ గ్వాలియా అనే గనిని కొనమని చెప్పారు. అది 1963 దాకా బంగారం ఇచ్చింది. 1898లో ఆ గనికి మేనేజరు కూడా అయ్యారు. మేనేజరు అయ్యాక ఏం చేశారంటే పని గంటలు పెంచారు, తక్కువ కూలికి వస్తారని ఇటలీ వాళ్లను పెట్టుకున్నారు. మహనీయుల జీవితాల్లో ఇట్లాంటివి రాయరు. కూలి తగ్గితే ఇంట్లో ఏం తగ్గుతుందో నాకు తెలుసు గనక రాస్తున్నాను. ఆ ఎడారి కూడా అక్కడి ఆదివాసుల నేలే, బంగారంలో వాళ్లకు వాటా లేదు.

స్టాన్‌ఫర్డ్‌లో ఆయనతో పాటు లూ హెన్రీ అనే అమ్మాయి చదివింది. అక్కడ భూగర్భశాస్త్రంలో డిగ్రీ తీసుకున్న మొదటి ఆడపిల్ల ఆమె. సుత్తి పట్టుకుని కొండల మీద రాళ్లు కొట్టేది. ఆస్ట్రేలియా నుంచి టెలిగ్రాం కొట్టి పెళ్లి చేసుకుంటావా అని అడిగారు, ఆమె టెలిగ్రాంలోనే సరే అంది. 1899 ఫిబ్రవరి 10న పెళ్లి, ఆ వెంటనే ఓడెక్కి చైనా. మరుసటి ఏడు, 1900లో, చైనాలో విదేశీయుల మీద తిరుగుబాటు వచ్చింది. వాళ్లున్న టియెన్సిన్ పట్నాన్ని నెల రోజుల దాకా చుట్టుముట్టారు. గుండ్లు పడుతుంటే లూ గారు సైకిలు తొక్కుకుంటూ ఆసుపత్రికి పోయి గాయపడ్డ వాళ్లకు సేవ చేశారు. హూవర్ గారు అడ్డుగోడలు కట్టించారు. ఆ గొడవల్లోనే అక్కడి కైపింగ్ బొగ్గు గనులు చైనా వాళ్ల చేతిలోంచి ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయాయి. ఆ బేరం నడిపిన వాళ్లలో ఈయన ఒకరు. తరవాత 1905లో లండన్ కోర్టు చైనా ఆయన పక్షాన తీర్పు చెప్పింది.

1907 నాటికి బర్మా పోయారు. షాన్ కొండల్లో బాడ్విన్ అనే చోట పాతకాలంలో చైనా వాళ్లు వెండి తవ్వుకుని వదిలేసిన గని ఉంది. అడవి పెరిగిపోయింది. అక్కడ ఆయనకు మలేరియా కూడా వచ్చింది. వెండి తీసేసి పారేసిన కుప్పల్లో, కింద రాళ్లలో సీసం, జింకు ఎంతో మిగిలి ఉందని తేలింది. ఆయన ఆస్తిలో పెద్ద భాగం ఆ గని నుంచే వచ్చింది. మన కోస్తా జిల్లాల నుంచి తెలుగువాళ్లు కూలికోసం ఓడెక్కి రంగూను పోయిన కాలం అదే. భార్యాభర్తలిద్దరూ కలిసి 1556లో లాటిన్ భాషలో అచ్చయిన గనుల పుస్తకాన్ని 1912లో ఇంగ్లీషులోకి తెచ్చారు. ఇంగ్లీషు తప్పినాయనే, చూడండి.

ఇంతదాకా డబ్బు కథ. 1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. హూవర్ గారు లండన్‌లో ఉన్నారు, వయసు 40. జర్మనీ సైన్యం బెల్జియంను ఆక్రమించింది. బెల్జియం ఎంత దేశమంటే పాత గుంటూరు, ప్రకాశం జిల్లాలు రెండూ కలిపితే దాదాపు అంత. జనం 75 లక్షలు. వాళ్లు తినే గోధుమలో ఎక్కువ భాగం బయట దేశాల నుంచి ఓడల మీద రావాలి. జర్మనీ వాళ్లు, మేం తిండి పెట్టం అన్నారు. ఇంగ్లండు వాళ్లు, ఓడలు పోనిస్తే ఆ తిండి జర్మనీ సైన్యం తింటుంది, పోనివ్వం అన్నారు. మధ్యలో జనం.

అప్పుడు బెల్జియం సహాయ సంఘం ఒకటి పెట్టి హూవర్ గారిని అధ్యక్షుడిగా ఉండమన్నారు. ఆయన జీతం తీసుకోలేదు, గనుల పని వదిలేశారు. ఏం చేశారో నాకు అర్థమయినంత రాస్తాను. ముందు రెండు వైపుల సర్కార్ల దగ్గరకీ పోయి కాగితం రాయించుకున్నారు, ఈ సంఘం ఓడలను ముంచవద్దు, ఈ గోధుమ పట్టుకోవద్దు అని. ఆ సంఘానికి సొంత జెండా ఉంది, ఓడల మీద పెద్ద అక్షరాలతో పేరు ఉంది. అయినా కొన్ని ఓడలు మునిగాయి. అమెరికా, ఇంకా వేరే దేశాల నుంచి గోధుమ, బియ్యం, బఠాణీలు రాటర్‌డామ్ రేవుకు వచ్చేవి, అక్కడ నుంచి కాలవల మీద పడవల్లో బెల్జియం లోపలికి. ప్రతి ఊళ్లో అక్కడి వాళ్లే కమిటీగా ఏర్పడి పంచేవాళ్లు. రొట్టెకు కార్డులు, సూపుకు కార్డులు. బడి పిల్లలకు విడిగా ఇంకో పూట. తరవాత ఉత్తర ఫ్రాన్సును కూడా కలిపారు. మొత్తం 90 లక్షల మందికి పైగా నాలుగేళ్లు ఆ తిండి మీద బతికారు. అయిన ఖర్చు 90 కోట్ల డాలర్ల పైమాట, చాలా వరకు సర్కార్లు ఇచ్చిన అప్పులు, కొంత చందాలు. ఆఫీసు ఖర్చులకు నూటికి ఒక డాలరు కూడా పోలేదు. రాయి తూచి ఎంత బంగారం ఉందో చెప్పే మనిషి గదా, గోధుమను కూడా అట్లాగే లెక్క కట్టారు.

గోతాల సంగతి చెప్పాలి. పిండి నూలు గుడ్డ సంచుల్లో వచ్చేది. నూలు పత్తి గదా, పత్తితో తుపాకీ మందు తయారవుతుంది. ఖాళీ సంచులు జర్మనీ వాళ్ల చేతికి పోతే మందుగుండు అవుతాయని భయం. అందుకని ప్రతి సంచికీ లెక్క. ఆ సంచులను బెల్జియం ఆడవాళ్లకు, కుట్టుపని నేర్చుకునే ఆడపిల్లలకు ఇచ్చారు. వాళ్లు వాటితో చొక్కాలు, గౌన్లు, దిండు గలీబులు కుట్టుకున్నారు. కొన్నింటి మీద రంగుదారాలతో పువ్వులు, జెండాలు, కృతజ్ఞతలు అని కుట్టి అమెరికాకు తిరిగి పంపారు. మన చుట్టూ పత్తి చేలే, మిర్చి యార్డుకు పోయే టిక్కీలు రోజూ రోడ్డు మీద చూస్తాం. పత్తికి మందుగుండుతో సంబంధం ఉందని నాకు ఇప్పుడే తెలిసింది. సైన్సు సార్ గారిని అడిగితే నిజమే అన్నారు.

1917లో అమెరికా కూడా యుద్ధంలోకి దిగింది. హూవర్ గారిని ఆహార శాఖ చూడమన్నారు. వారంలో ఒకరోజు మాంసం మానండి, ఒకరోజు గోధుమ మానండి అని ఇల్లిల్లూ తిప్పి అడిగించారు. యుద్ధం అయిపోయాక ఓడిపోయిన దేశాల పిల్లలు మలమల మాడిపోతున్నారు. శత్రువుల పిల్లలకు మనమెందుకు పెట్టాలని చాలామంది అన్నారు. ఆయన వినలేదు. ఆస్ట్రియాలో, జర్మనీలో కూడా పిల్లలకు భోజనం పెట్టించారు. పోలండులో రోజుకు పది లక్షల మందికి పైగా పిల్లలు తిన్నారు. కొన్నిచోట్ల డాక్టర్లు పిల్లలను తూచి, కొలిచి, ఎవరికి ముందు పెట్టాలో రాసేవాళ్లు. మనల్ని నెలనెలా తూచినట్టే.

1921లో రష్యాలో పెద్ద కరువు. అక్కడి కొత్త ప్రభుత్వమంటే హూవర్ గారికి అసలు పడదు. అయినా పంపారు. 1922 వేసవికి రోజుకు కోటి మందికి పైగా అమెరికా తిండి తింటున్నారు. కోటి అంటే ఒకటి పక్కన ఏడు సున్నాలు. మన మెస్సులో ఒక్క పూట వంట ఆలస్యమైతే ఎట్లా ఉంటుందో మనకు తెలుసు.

మన వైపు డొక్కా సీతమ్మ గారు గోదావరి లంకల్లో ఇంటికొచ్చిన వాళ్లందరికీ తన చేత్తో వండి పెట్టారు. 2024లో మన బడి భోజనానికి ఆమె పేరు పెట్టారు. సీతమ్మ గారు విస్తరి ముందు కూర్చున్న మనిషిని చూసి పెట్టారు. హూవర్ గారు తిన్నవాళ్లలో ఎక్కువమందిని చూడనే లేదు, ఓడలనూ లెక్కల పుస్తకాలనూ చూశారు. ఎవరు గొప్ప అని వక్తృత్వ పోటీ పెడితే నేను ఏ పక్షాన మాట్లాడతానో ఇంకా తేల్చుకోలేదు.

ఇక అసలు చిక్కు. 1921 నుంచి ఆయన అమెరికాలో వాణిజ్య మంత్రి. 1927లో మిసిసిపి నదికి భారీ వరద వస్తే సహాయం పనులు ఆయనే చూశారు, దాంతో పేరు ఇంకా పెరిగింది. ఆ శిబిరాల్లో నల్లజాతి కూలీలను కాపలా పెట్టి బయటికి పోనివ్వలేదు. వాళ్లకు మేలు చేస్తానని వాళ్ల నాయకుడికి మాట ఇచ్చి నిలబెట్టుకోలేదు. 1928లో ఎన్నికల్లో గెలిచి, 1929 మార్చిలో అమెరికా అధ్యక్షుడయ్యారు. ఉపాధ్యక్షుడు చార్లెస్ కర్టిస్ గారు, తల్లి వైపు కా అనే ఆదివాసీ జాతి. చిన్నప్పుడు కొన్నేళ్లు అమ్మమ్మ వాళ్ల దగ్గర ఆ జాతి వాళ్ల మధ్యే పెరిగారు. అమెరికాలో ఆ పదవి దాకా పోయిన మొదటి ఆదివాసి ఆయనే. ఆయన గురించి ఎవరన్నా వచ్చే నెల రాయండి.

ఏడు నెలలకే, 1929 అక్టోబరులో షేర్ల ధరలు కూలిపోయాయి. బ్యాంకులు మూతపడ్డాయి. మూడేళ్లలో పనిచేసే ప్రతి నలుగురిలో ఒకరికి పని లేకుండా పోయింది. ఇళ్లు పోయిన వాళ్లు రేకులతో, అట్టపెట్టెలతో గుడిసెలు వేసుకుని వాటికి హూవర్‌విల్ అని పేరు పెట్టారు, అంటే హూవర్ పల్లె. కప్పుకునే పాత పేపర్లకు హూవర్ దుప్పటి అని పేరు. 1930లో కరువొచ్చినప్పుడు విత్తనాలకు, పశువుల మేతకు సర్కారు అప్పు ఇవ్వటానికి ఆయన ఒప్పుకున్నారు. మనుషుల తిండికి ఒప్పుకోలేదు. అది రెడ్‌క్రాస్, ఊళ్లలో సంఘాల వాళ్లు చూసుకోవాలి, ఢిల్లీ లాంటి పెద్ద సర్కారు నేరుగా పెడితే జనం సొంతంగా నిలబడే గుణం పోతుంది అని ఆయన నమ్మకం.

ఈ ముక్క దగ్గర నేను రెండు రోజులు ఆగిపోయాను. పోయిన సంక్రాంతి సెలవులకు నేనూ మా యాడీ ఇంటికి పోతుంటే, బస్సులో ఒక పెద్దమనిషి నా యూనిఫారం చూసి, వీళ్లకు ఊరికే తిండి పెట్టి సోమరులను చేస్తున్నారని పక్కాయనతో అన్నాడు. మా యాడి అంతకుముందు రోజు దాకా మిరప కోతలకు పోయింది, చేతులు మండుతున్నాయని కొబ్బరినూనె రాసుకుని కూర్చుంది. ఆమెకు తెలుగు సగమే వస్తుంది, ఆ మాట మాత్రం అర్థమైంది. బెల్జియం పిల్లలకు నాలుగేళ్లు పెట్టినా వాళ్లు సోమరులు కాలేదు గదా, యుద్ధం అయిపోగానే లేచి పనికి పోయారు గదా, అది హూవర్ గారి కంటే బాగా ఎవరికి తెలుసు? తన దేశం వాళ్ల విషయంలో ఎందుకు భయపడ్డారు? సోషల్ మేడమ్ గారిని అడిగాను. తను పేదరికం నుంచి ఒంటరిగా పైకొచ్చిన వాళ్లు అందరూ అట్లాగే రాగలరని అనుకుంటారు అన్నారు. నాకు సగమే ఒప్పుదల అయింది. ఆయన ఒంటరిగా ఏం రాలేదు, మామయ్యలు అన్నం పెట్టారు, యూనివర్సిటీ ఫీజు అడగలేదు.

న్యాయంగా ఇంకోటి కూడా రాయాలి. 1932లో చివరికి రాష్ట్రాలకు సహాయం కోసం 30 కోట్ల డాలర్లు అప్పుగా ఇచ్చే చట్టం మీద సంతకం చేశారు. అధ్యక్షుడిగా వచ్చిన జీతాన్ని దానాలకే ఇచ్చేశారు. కానీ అదే ఏడు జులైలో, పాత సైనికులు తమకు రావలసిన డబ్బు అడగటానికి రాజధానికి వస్తే సైన్యం వాళ్ల డేరాలు తగలబెట్టింది. నవంబరులో ఆయన చిత్తుగా ఓడిపోయారు. రూజ్‌వెల్ట్ గారు వచ్చారు. కొలరాడో నది మీద ఆయన పేరుతో హూవర్ డ్యామ్ ఉంది, ఆ పేరు కూడా మధ్యలో కొన్నేళ్లు తీసేసి 1947లో మళ్లీ పెట్టారు.

ఓడిపోయాక పదమూడేళ్లు ఆయన్ను పెద్దగా ఎవరూ పిలవలేదు. లూ గారు 1944లో పోయారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మళ్లీ లోకమంతా ఆకలి. 1946లో ట్రూమన్ గారు కబురు పెడితే, 71 ఏళ్ల వయసులో విమానమెక్కి 38 దేశాలు తిరిగారు. ఏ దేశంలో ఎంత ధాన్యం ఉంది, ఎంత కావాలి అని లెక్క రాసుకున్నారు. మన దేశానికి కూడా వచ్చారు. మూడేళ్ల ముందే బెంగాల్ కరువు, ఆ ఏడు దక్షిణాదిన వానలు సరిగా పడక ధాన్యం కొరత. 1947లో జర్మనీ బడుల్లో 35 లక్షల మంది పిల్లలకు రోజూ వేడి భోజనం పెట్టే పని ఆయన చెప్పిన మీదటే మొదలైంది. అక్కడి పిల్లలు దాన్ని హూవర్ భోజనం అని పిలిచారు. అమెరికాలో హూవర్ పేరు గుడిసెకు పెట్టారు, జర్మనీలో అన్నానికి పెట్టారు.

1964 అక్టోబరు 20న న్యూయార్కులో 90 ఏళ్ల వయసులో చనిపోయారు. పుట్టిన ఊళ్లోనే, ఆ రెండు గదుల ఇంటికి ఎదురుగా ఉన్న మిట్ట మీద పూడ్చారు. లూ గారిని కూడా తెచ్చి పక్కన పెట్టారు. ఆ ఊళ్లోనే ఆయన మ్యూజియం ఉంది, బెల్జియం పిండి సంచులు అందులో ఉన్నాయి. ఫోటోలు కంప్యూటర్లో చూశాను. గొలుసుకుట్టు బాగా కుట్టారు, లేసు అంచులు ఉన్నాయి. మన లంబాడీ కుట్టులో ఉన్నట్టు అద్దాలు, గవ్వలు మాత్రం లేవు. ఆదివారం కుట్టుపని గంటలో ఎవరికన్నా చూడాలని ఉంటే నన్ను పిలవండి, చూపిస్తాను.